స్తంభాలకి కుడి పక్కన

దిగువ బజారు, టైర్ల కొట్టు మేడ మీద నుంచి
ఫిబ్రవరి

ఒరేయ్ బావమరిదీ,

చెప్పేది నేను, రాసేది మీ అక్క. నాకూ అక్షరాలకూ ఉన్న సంబంధం నీకు తెలిసిందే. తప్పులుంటే ఆవిడనే అను.

ఈ కవర్లో చిన్న కడియం ఉంది, చూడు. కాగితంలా పల్చటి అల్యూమినియం. దాని మీద అంకెలూ మీ ఎగువ మడుగు పేరూ ఉన్నాయని మీ అక్క చదివి చెప్పింది. అయితే అది నీ చేతి పనే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మీ అక్క కాళ్ళకి నేను కడియాలు చేయించలేదు. నువ్వు మాత్రం దారినపోయే పిట్టలన్నిటికీ చేయిస్తున్నావు. (ఈ మాట రాయనంటే రాయమంటున్నారు. నాకేం కడియాలు అక్కర్లేదు. - అక్క)

ఎలా దొరికిందో విను. ఆదివారం కాంట్రాక్టరూ నేనూ తుపాకులు తీసుకుని మా మడుగు ఒడ్డుకి షికారుకి వెళ్ళాం. లేచిన ఉల్లంకుల్లో ఒకదాన్ని కొట్టాను. రెక్క విరిగింది గానీ చావలేదు. ఆ రెక్కని బురదలో ఈడ్చుకుంటూ పరిగెత్తింది. మన కుక్క మచ్చ వెళ్ళి నోట కరుచుకొచ్చింది. నా చేతికొచ్చాక కూడా పొడుస్తూనే ఉంది, పొగరుబోతుది. మెడ రెండు మెలికలు తిప్పాక ఊరుకుంది. కిందపడ్డదాన్ని అలా వదిలేసి పోకూడదు, అది వేటగాడి పద్ధతి. కాలు పట్టుకుంటే కడియం తగిలింది.

నువ్వు నీళ్ళు కొట్టి, నేను గాలి కొట్టి బతుకుతున్నాం. మన ఇద్దరిలో పిట్ట తినేది మాత్రం నేనే.

బావ

తమ్ముడూ, తెల్లారకుండా నీళ్ళలో దిగుతావు. మఫ్లర్ కట్టుకో. - అక్క


ఎగువ మడుగు, పంపు హౌసు
ఫిబ్రవరి

బావగారికి,

కడియం పంపినందుకు కృతజ్ఞతలు. కడియం తిరిగి పంపినవారికి ఆ పిట్ట సంగతులు రాసి పంపడం మా నియమం. పంపింది దాన్ని చంపినవారైనా సరే.

అది ఆడ ఉల్లంకి. పిట్టల రాకపోకలు తెలుసుకోవడానికి కడియాలు వేసే అనుమతి నాకు వచ్చాక, మొదటి వసంతంలో నా చేతుల మీదుగా వెళ్ళిన పిట్టల్లో అదొకటి. అప్పట్నుంచి ఏటా చలి తగ్గేవేళకి ఇక్కడ ఆగేది. ప్రతిసారీ అదే వలలో పడేది, ప్రతిసారీ నా బొటనవేలి పక్కనే పొడిచేది. నా దగ్గర కూర్చుని అంకెలు రాసిపెట్టే టీచరమ్మ దానికి ముసలమ్మ అని పేరు పెట్టింది. మీ దగ్గర్నుంచి కడియం వచ్చిందని చెబితే ఆవిడ ఆ రోజు టీ తాగలేదు.

చనిపోయిన విధం అనే గడిలో తుపాకి అని మాత్రం రాశాను. మెడ సంగతి రాయడానికి గడిలో చోటు లేదు.

అక్కకి మఫ్లర్ ఉందని చెప్పండి.

మీ బావమరిది


దిగువ బజారు
మార్చి

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్క చదువుతుంటే మా కాంట్రాక్టరు కూడా ఇక్కడే ఉన్నాడు. ఆయన లారీల టైర్లన్నీ మన కొట్టుకే వస్తాయి కదా, వచ్చి కూర్చుంటాడు. "రెండు కోడిగుడ్ల బరువుండే పిట్ట ఏటా దారి తప్పకుండా ఒకే చోటికి రావడమేంటయ్యా, నీ బావమరిది కోతలు కోస్తున్నాడు" అన్నాడు. నాకు మండింది. మా ఇంటి మనిషి అబద్ధం చెప్పడు అన్నాను.

కాబట్టి నా పరువు నీ చేతిలో ఉంది. అన్నీ వివరంగా రాయి. అవి ఎక్కడ పడుకుంటాయి, ఏ వేళకి లేస్తాయి, అంత బురదలో నువ్వెలా నడుస్తావు. ఆయన నోరు మూయించాలి.

బావ

తమ్ముడూ, ఈయన నీ పని గురించి అడగడం ఇదే మొదటిసారి. నాకెంత సంతోషంగా ఉందో! ముక్తసరిగా రాసి ఊరుకోకు. నేను చదివి వినిపిస్తాను. - అక్క


ఎగువ మడుగు, పంపు హౌసు
మార్చి

బావగారికి,

ఈ సంగతి నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాస్త ఎక్కువ రాస్తే విసుక్కోకండి.

వసంతంలో ఉత్తరానికి పోయే పిట్టలు మా మడుగులో ఆగి ఒళ్ళు చేస్తాయి. పగలు బురదలో తింటాయి. పొద్దు వాలగానే రెల్లు దీవి మీదికి చేరతాయి. ఉల్లంకులు, పరజలు, పేరు తెలియనివి కూడా. ఒకదాన్ని ఒకటి ఆనుకుని పడుకుంటాయి. తెల్లవారుజామున వెలుగు రాకముందు ఒకటి పిలుస్తుంది, ఆ పిలుపుకి దీవి అంతా ఒక్కసారి కదులుతుంది. ఆ కదలిక నేను రోజూ చూస్తాను, రోజూ ఒళ్ళు జలదరిస్తుంది.

దీవికి దారి ఇప్పుడు ఇక్కడ నాకూ టీచరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. పంపు హౌసు గోడ వెనక పాత స్తంభాల వరస ఉంది. దానికి ఎడమ పక్కన నడవాలి. అక్కడ అడుగున రాయి పరిచి ఉంది, నీళ్ళు మోకాలికి మించవు. కుడి పక్కన ఊబి. పోయిన వానాకాలం ఒక గేదె అటు దిగింది. అరుపు విని మేం వెళ్ళేసరికి కొమ్ములు కూడా లేవు.

నా వల జుట్టు పోగంత సన్నం. చీకట్లో పిట్టకి కనబడదు. తగిలి, కింద సంచిలాంటి మడతలో పడుతుంది. తీసేటప్పుడు ముందు కాళ్ళు విడిపించాలి, తర్వాత రెక్కలు, ఆఖర్న తల. పొడుస్తుంది. తప్పించడానికి వచ్చినవాణ్ణే పొడుస్తుంది, దానికేం తెలుసు. వచ్చే వారం అమావాస్య చీకటిలో వలలు కడుతున్నాం.

మీరూ అక్కా ఒకసారి రండి. చూపిస్తాను.

మీ బావమరిది


ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు
మార్చి

అక్కకీ బావగారికీ,

రెండు కళ్ళకీ కట్టు ఉంది కాబట్టి టీచరమ్మ చేత రాయిస్తున్నాను. కుడికన్ను బాగానే ఉందట, ఈ వారంలో కట్టు విప్పుతారు. ఎడమది తీసేశారు.

వలలు కట్టిన మర్నాడు తెల్లవారుజామున దీవి మీదికి వెళ్ళాను. ఆ రోజు టీచరమ్మ గట్టు మీదే బల్ల దగ్గర ఉండిపోయింది, అదే మేలైంది. వలల నిండా పిట్టలు పడి ఉన్నాయి. మొదటిదాని కాళ్ళు విడిపిస్తున్నాను. స్తంభాల వైపు నుంచి కాల్పులు మొదలయ్యాయి. దీవి అంతా ఒక్కసారి పైకి లేచింది. లేచినవి లేచినట్టే రాలాయి. నా వీపు మీద, తల మీద పడ్డాయి. సగం చచ్చినవి నీళ్ళలో గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎగిరేవి అయిపోయాక వలల్లో ఉన్నవాటిని కాల్చారు. అవి ఎటూ పోలేవు. కాళ్ళూ రెక్కలూ తెగి వల పోగులకి వేలాడాయి. నేను లేచి చేతులూపి అరిచాను. "మనిషిని! మనిషిని!" అన్నాను. అప్పుడు తగిలింది.

(ఇక్కడ ఆయన నీళ్ళడిగి తాగారు. - టీచరమ్మ)

బురదలో పడి ఉంటే ఒక కుక్క వచ్చింది. కరవలేదు. మొహం మీద నెత్తురు నాకింది, తోక నా భుజానికి కొట్టుకుంటోంది. దాని వెనక ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. తర్వాత ఈల వేశారు. కుక్కా మనిషీ వెళ్ళిపోయారు.

పోలీసులు వచ్చి అడిగారు. చీకటి, ఎవరినీ చూడలేదని చెప్పాను.

తమ్ముడు

అమ్మా, ఆయన ఏదో దాస్తున్నారు. "కుక్క మిమ్మల్ని ఎరిగినట్టు తోకెందుకు ఊపింది?" అని అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నారు. - టీచరమ్మ


దిగువ బజారు
ఏప్రిల్

ఒరేయ్ బావమరిదీ,

నీ సంగతి విన్న దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. ఆ పని చేసిన వెధవలు దొరికితే కాళ్ళు విరగ్గొడతాను. ఆ వారమంతా నాకు జ్వరం, మంచం దిగలేదు. లేకపోతే ఆస్పత్రికి పరిగెత్తుకు రాకపోదునా? కొట్టు కూడా తెరవలేదు, కావాలంటే ఎవరినైనా అడుగు. మన మచ్చ కూడా పోయింది. లారీ కింద పడింది. రోజులు బాగాలేవు.

పోలీసులు మళ్ళీ వచ్చారా? ఏమన్నారు? నువ్వు చూడలేదని చెప్పింది మంచి పని. చూడనిది చూశాననకూడదు.

ఇంకో మాట. ఆ పిట్టలు ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నాయి? పాత చోటేనా, మారాయా? దారి చెబితే నేనూ కాంట్రాక్టరూ వచ్చి నాలుగు రోజులు కాపలా ఉంటాం. అవి వెళ్ళిపోయేలోపే రావాలి. ఆయనకి నువ్వంటే చాలా జాలిగా ఉంది.

బావ

తమ్ముడూ, ఈయన ఎలాగూ చదవలేరు కాబట్టి రాస్తున్నాను. ఈయనకి జ్వరం లేదు. ఆ రోజు చీకటితోనే జీపులో వెళ్ళారు, బట్టల నిండా బురదతో వచ్చారు. మచ్చ లారీ కింద పడలేదు. మర్నాడు దాన్ని పిలిచి దొడ్లోకి తీసుకెళ్ళారు. అది తోకాడించుకుంటూ వెళ్ళింది. తుపాకి చప్పుడు విన్నాను. నాకేం అర్థం కావడం లేదు, అర్థమయ్యేది నమ్మలేకపోతున్నాను. అసలు సంగతి చెప్పు. - అక్క


ఎగువ మడుగు, పంపు హౌసు
ఏప్రిల్

బావగారికి,

ఇంటికి వచ్చాను. ఒంటికన్నుతో రాస్తున్నాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడితే అక్కని సర్దుకుని చదవమనండి.

పోలీసులు మళ్ళీ రాలేదు.

పిట్టలు చోటు మార్చాయి. పాత దీవి మీద నెత్తురు వాసనకి నక్కలు తిరుగుతున్నాయి. ఇప్పుడు స్తంభాలకి కుడి పక్కన, దూరంగా కనిపించే పొదలో పడుకుంటున్నాయి. మునుపటికన్నా ఎక్కువే వచ్చాయి.

ఈసారి వానల్లేవు కదా, కుడి పక్క ఊబి ఎండిపోయింది. పైన పచ్చగా నాచు కనిపిస్తుంది గానీ కింద గట్టిగా ఉంది. నిన్న నేనే నడిచి చూశాను. పొద వరకు తిన్నగా వెళ్ళవచ్చు. వెలుగు రాకముందు వస్తే మంచిది.

కాంట్రాక్టరుగారి జాలికి కృతజ్ఞతలు.

మీ బావమరిది


ఎగువ మడుగు, పంపు హౌసు
ఏప్రిల్

అక్కా,

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే. ఎవరికీ చదివి వినిపించకు.

బావ ఇల్లు చేరే ఉంటాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. జరిగింది రాస్తున్నాను.

మొదటిసారి నేను దీవి మీద పడి ఉన్నప్పుడు నా దగ్గర నిలబడ్డది బావే. టైర్లకి పూసే సొల్యూషన్ వాసన ఆయన చేతుల నుంచి పోదు కదా. వెనక నుంచి కాంట్రాక్టరు "ఎవడ్రా అది?" అన్నాడు. "ఎవడో పంపులోడు. పదండి పదండి" అన్నాడు బావ. ఆ గొంతు నాకు తెలుసు. నా పెళ్ళి ఊసెత్తి ఎగతాళి చేసే గొంతు అది. పోలీసులకి చెప్పకపోవడానికి కారణం నువ్వు. ఆ ఉత్తరం రాయడానికి కారణం కూడా నువ్వే అనుకున్నాను. అది నిజం కాదు. ఆ కారణం నా కన్ను.

ఉత్తరం పోస్టు చేసిన దగ్గర్నుంచి రోజూ చీకటితోనే వల చుట్టి ఉన్న గెడలు భుజాన వేసుకుని పంపు హౌసు గోడ వెనక నిలబడ్డాను. ఆపడానికో, చూడటానికో ఇప్పటికీ చెప్పలేను. గెడలైతే తీసుకెళ్ళాను.

శుక్రవారం జీపు వచ్చింది. కాంట్రాక్టరు ముందు, బావ వెనక. స్తంభాల దగ్గర ఆగి గుసగుసలాడుకుని కుడి పక్కకి దిగారు. నోరు తెరిచాను. ఒక్క కేక చాలు. "ఎవడో పంపులోడు" అన్న మాట చెవిలో మోగింది. నోరు మూసుకున్నాను.

నాచు వాళ్ళని కొంతదూరం మోసింది. తర్వాత కాంట్రాక్టరు ఒక్కసారిగా నడుము దాకా దిగిపోయాడు. పెనుగులాటలో చేతిలో తుపాకి పేలి ఆయన దవడ చెదిరిపోయింది. ఆ మనిషి అరుపు అరుపులా లేదు. వెనక్కి తిరిగి బావ బెల్టు పట్టుకున్నాడు. బావ కూడా దిగబడ్డాడు. బావ తుపాకి మడమతో ఆయన వేళ్ళ మీద కొట్టాడు. వదల్లేదు. మొహం మీద కొట్టాడు. వదిలేదాకా కొట్టాడు. వదిలాక ఆయన బురదలోకి వెళ్ళిపోయాడు. చెయ్యి కాసేపు కనిపించింది. అంతా చూస్తూ నిలబడ్డాను అక్కా. కదల్లేదు.

బురద బావ చంకల దాకా వచ్చింది. అప్పుడు "బావమరిదీ!" అని అరిచాడు. నేను అక్కడున్నానని ఆయనకి తెలియదు. చీకట్లోకి అరిచాడు, అంతే. "ఒరేయ్ బావమరిదీ, నువ్వే దిక్కురా!"

పంపులోడా అని పిలిచి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు.

గెడలు నాచు మీద అడ్డంగా పరిచి, వాటి మీద బోర్లా పాక్కుంటూ వెళ్ళాను. పిట్టకైతే ముందు కాళ్ళు విడిపిస్తాను. ఊబిలో కాళ్ళు దొరకవు. వల మడిచి చంకల కింద నుంచి వేసి, దాని కొస స్తంభానికి చుట్టి లాగాను. జుట్టు పోగంత వల, ఎన్ని మడతలు వేశానో. అరచేతులు కోసుకుపోయాయి. తెల్లగా వెలుగొచ్చేసరికి రాళ్ళ మీద పడ్డాడు.

పడీ పడగానే నన్ను కొట్టాడు. మొహం మీదే, కట్టు మీద. కన్నున్న గుంట నుంచి మళ్ళీ నెత్తురు వచ్చింది. నేనూ కొట్టాను. పై పళ్ళు ఊడాయి. గొంతు పట్టుకున్నాను. మెడ రెండు మెలికలు తిప్పితే ఊరుకుంటుందని రాశాడు కదా, అది గుర్తొచ్చింది. చేతుల్లో అంత బలం మిగల్లేదు. ఆయన నోట్లో నెత్తురుతో "ఆ గుండు నాదేరా. నువ్వని తెలిసే వదిలేసి పోయాన్రా" అన్నాడు. నేను గొంతు వదిలాను.

పోలీసులు వచ్చి కొక్కేలు వేసి కాంట్రాక్టర్ని తీశారు. ప్రమాదం అని రాసుకున్నారు. నన్నేమీ అడగలేదు. ప్రాణం కాపాడావని ఒకాయన నా భుజం తట్టాడు కూడా.

నేను రాసిన ఆ ఉత్తరం నీ దగ్గరే ఉండాలి. పోలీసులకి ఇవ్వాలనిపిస్తే ఇచ్చెయ్. ఊబి ఎండిందని రాసింది నేనే అని ఒప్పుకుంటాను. నువ్వు ఏది చెబితే అది.

తమ్ముడు


దిగువ బజారు, టైర్ల కొట్టు మేడ మీద నుంచి
మే

తమ్ముడూ,

ఎవరూ చెప్పకుండా ఈ బల్ల దగ్గర కూర్చుని నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే అనుకుంటాను. ఆయన చెప్పడానికి ఇంట్లో లేరు. వారం కిందట పొద్దున్నే లేచి, స్నానం చేసి, తుపాకి గుడ్డలో చుట్టుకుని తనే స్టేషనుకి వెళ్ళారు. నీ కన్ను పోవడానికి తనే కారణమని చెప్పారు. కాంట్రాక్టరు వేళ్ళ మీద కొట్టిన సంగతి కూడా చెప్పారట. ఎప్పుడు వదులుతారో తెలియదు. కొట్టు నేనే తెరుస్తున్నాను. గాలి కొట్టడం నాకూ వచ్చు.

చూడ్డానికి వెళితే ఒక మాట అన్నారు. "వాడు ఎండిందని రాసే ఉండడే. ఎండలేదని రాసి ఉంటాడు. కాంట్రాక్టరు పక్కన కూర్చుని లొడలొడ వాగుతుంటే నేనే సరిగ్గా విని ఉండను. వాడు అబద్ధం రాయడు." ఆయన్ని అలాగే అనుకోనిచ్చాను.

ఇప్పుడు నా సంగతి విను.

నాన్న ఆ పంపు హౌసులో పనిచేసినప్పుడు మనిద్దరం ఆ స్తంభాల మీద గెంతి ఆడుకునేవాళ్ళం. ఊళ్ళో తాగునీటికి తన్నుకున్న కరువు ఏడు నీకు గుర్తుందా? ఆ ఏడు కూడా నాన్న మనల్ని చెవి పట్టుకుని కుడి పక్కన నిలబెట్టి, కర్ర గుచ్చి చూపించాడు. పైన పచ్చగా ఉంది. కర్ర మొత్తం దిగిపోయింది. "ఇది ఎప్పటికీ ఎండదు" అన్నాడు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఆయనా కాంట్రాక్టరూ నా ఎదురుగానే కూర్చున్నారు. ముందు నాలో నేను చదువుకున్నాను. ఎండిపోయింది అన్న మాట దగ్గర ఆగాను. "ఏంటే, మింగేశావు, పైకి చదువు" అన్నారాయన. దొడ్లో మచ్చని కట్టే గొలుసు కిటికీలోంచి కనిపిస్తోంది. కాంట్రాక్టరు నా వైపు చూసి "మీ తమ్ముడికి ఇంకో కన్నుందిగా అమ్మా, చాల్లే" అని నవ్వాడు. ఆయన కూడా నవ్వారు.

పైకి చదివాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఎక్కడా గొంతు వణక్కుండా చదివాను. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివాను.

కాబట్టి నువ్వు ఒప్పుకోవడానికేమీ లేదు. ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. ఇది కూడా నువ్వు అలాగే చెయ్.

ముసలమ్మ కడియం నీ దగ్గరే ఉంది కదా, దాచిపెట్టు. టీచరమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఒంటికన్నుతో నీళ్ళలో దిగేటప్పుడు ఆవిడ్ని పక్కనే ఉండమను. మఫ్లర్ పాతదైపోయి ఉంటుంది, ఇంకోటి అల్లుతున్నాను.

వచ్చే వసంతానికి పిట్టలు మళ్ళీ వస్తే వచ్చాయని రాయి. ఎక్కడ పడుకుంటాయో మాత్రం నాకు కూడా రాయకు.

అక్క